మిల్‌కు 125 వోల్టులా, మిల్లీమీటరుకా?

(ఈ శుక్రవారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలివి. డ్యూటీ వల్ల వినడం కుదరని వాళ్ళ కోసం, లెక్కలు నోట్ చేసుకుంటామని అడిగిన వాళ్ళ కోసం రాసి పెడుతున్నాం. మాట్లాడినట్టే ఉంచాం.)

ఎండలు ముదిరాయి, నీళ్ళ బాటిల్ మర్చిపోకుండా పట్టుకుపోండి.

ఈ వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. జగిత్యాల వైపు మనిషి, పైప్‌లైన్ కోటింగ్ పనిలో ఉన్నాడు. ఆయన మాటల్లోనే చెప్తాను: "అన్నా, పేపర్ల మిల్‌కు 125 వోల్టులు అని ఉంది. మా గేజేమో మైక్రాన్లల్ల చూపిస్తది. ఫోర్‌మన్‌ను అడిగితే, మిల్ అంటే మిల్లీమీటరే కదా, పెట్టెయ్ అంటున్నడు. నేను మెషిన్ మీద ఎంత పెట్టాలె?"

జవాబు ముందే చెప్పేస్తాను. గేజ్ 406 మైక్రాన్లు చూపిస్తుంటే, ఆ పేపర్ ప్రకారం పెట్టాల్సింది 2,000 వోల్టులు. ఫోర్‌మన్ మాట వింటే వచ్చేది సుమారు 50 వోల్టులు. రెండు వేలు ఎక్కడ, యాభై ఎక్కడ! కాగితం ఒకటే, అంకె ఒకటే. "దేనికి" అన్న ఒక్క మాట దగ్గర తేడా వచ్చింది. ఈరోజు ఆ ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం.

ముందు అసలు సంగతి. వోల్టు అంటే మనందరికీ తెలుసు. కానీ ఒక పూతకి గానీ, కేబుల్ తొడుగుకి గానీ, నూనెకి గానీ ఎంత ఒత్తిడి పడుతుందో చెప్పడానికి వోల్టులు ఒక్కటే చాలవు. ఆ వోల్టులు ఎంత మందం మీద పడుతున్నాయన్నది తెలియాలి. 2,000 వోల్టులు ఒక మీటరు దూరం మీద పరిస్తే పెద్ద లెక్కలోది కాదు. అదే 2,000 వోల్టులు మన తలవెంట్రుక నాలుగైదు పేర్చినంత మందం మీద పడితే నిప్పురవ్వ దూకుతుంది. వోల్టుల్ని దూరంతో భాగిస్తే వచ్చేదాన్నే ఎలక్ట్రిక్ ఫీల్డ్ స్ట్రెంత్ అంటారు. మన పుస్తకాల్లో విద్యుత్ క్షేత్ర తీవ్రత అని చదివి ఉంటారు. మీటరుకు ఇన్ని వోల్టులు, మిల్లీమీటరుకు ఇన్ని కిలోవోల్టులు అంటే అది మెట్రిక్ లెక్క. అడుగుకు ఇన్ని, ఇంచికి ఇన్ని, మిల్‌కు ఇన్ని అంటే అది అడుగు–ఇంచి లెక్క.

మిల్ అంటే ఏంటి? ఇంచిలో వెయ్యో వంతు. అంటే 0.0254 మిల్లీమీటరు, లేదా 25.4 మైక్రాన్లు. అమెరికా పేపర్లలో దీన్ని మిల్ అంటారు, లేత్ మెషిన్ మీద పని చేసినవాళ్ళు దీన్నే థౌ అంటారు. చిక్కేంటంటే మన సైట్లలో బ్రిటిష్ పద్ధతిలో మాట్లాడే సూపర్‌వైజర్లు మిల్లీమీటరుని కూడా పొట్టిగా మిల్ అనేస్తారు. "ట్వెల్వ్ మిల్ ప్లైవుడ్" అంటే 12 మిల్లీమీటర్ల చెక్క. అదే మాట పెయింటింగ్ పేపర్‌లో వస్తే ఇంచిలో వెయ్యో వంతు. కాబట్టి ఆ ఫోర్‌మన్‌ను నేను తిట్టను. ఆయన చెవికి అలవాటైన అర్థం ఆయన చెప్పాడు. కానీ కాగితం ఆయన చెవి ప్రకారం రాసింది కాదు.

ఇప్పుడు మార్చడం ఎలా? ఇక్కడే చాలామంది తిరగేస్తారు. ఒక బట్టల కొట్టు లెక్క చెప్తాను, మళ్ళీ మర్చిపోరు.

మీటరు 100 రూపాయల బట్ట ఉందనుకోండి. పది మీటర్లు కొన్నారు. మొత్తం వెయ్యి రూపాయలు. ఇప్పుడు అదే బట్టను గజాల్లో చెప్పాలి. గజం మీటరు కంటే కొంచెం చిన్నది, 0.9144 మీటరు. పది మీటర్లు గజాల్లో ఎంత? 10.94 గజాలు. పొడవు అంకె పెరిగింది. మరి గజం ధర ఎంత? 91 రూపాయల 44 పైసలు. ధర అంకె తగ్గింది. కొలత చిన్నదైతే పొడవు అంకె పెరుగుతుంది, ధర అంకె తగ్గుతుంది. మొత్తం మాత్రం వెయ్యి రూపాయలే. రెండు లెక్కల్లో మొత్తం వేరువేరు వచ్చిందంటే ఎవరో మోసపోయినట్టే.

ఫీల్డ్ స్ట్రెంత్ కూడా ధర లాంటిదే. మిల్‌కు ఇన్ని వోల్టులు అంటే, మందంలో ఒక్కో మిల్‌కు పడే ధర. మిల్ మిల్లీమీటరు కంటే చాలా చిన్నది కాబట్టి, మిల్ ధర కంటే మిల్లీమీటరు ధర చాలా పెద్ద అంకె అవుతుంది.

ఇవి నోట్‌బుక్‌లో రాసుకోండి. మిల్‌కు 1 వోల్టు అంటే మిల్లీమీటరుకు 39.37 వోల్టులు. మిల్లీమీటరుకు 1 కిలోవోల్టు అంటే మిల్‌కు 25.4 వోల్టులు. ఇంచికి 1 కిలోవోల్టు అంటే మీటరుకు 39.37 కిలోవోల్టులు. అడుగుకు 1 వోల్టు అంటే మీటరుకు 3.28 వోల్టులు. అన్నిటికీ తల్లి అంకె ఒకటే, ఇంచి అంటే 25.4 మిల్లీమీటర్లు. అది సుమారు కాదు, కచ్చితం. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కూర్చుని ఒప్పుకున్న లెక్క.

మన తమ్ముడి పేపర్ చూద్దాం. మిల్‌కు 125 వోల్టులు. మైక్రాన్‌కు ఎంత? 125ని 25.4తో భాగించాలి. 4.92 వోల్టులు. పూత మందం 406 మైక్రాన్లు, అంటే 16 మిల్. ఇప్పుడు మొత్తం చూడండి. 16ని 125తో గుణిస్తే 2,000. 406ని 4.92తో గుణిస్తే కూడా దాదాపు 2,000. బట్టల కొట్టులో వెయ్యి మారనట్టే, ఇక్కడ 2,000 మారలేదు. అంటే లెక్క సరే.

భాగించాల్సిన చోట గుణించారనుకోండి. 125ని 25.4తో గుణిస్తే మైక్రాన్‌కు 3,175 వోల్టులు. 406 మైక్రాన్లకు దాదాపు 13 లక్షల వోల్టులు! అంత ఇచ్చే మెషిన్ చేతిలో పట్టుకుని తిరిగేదే కాదు. ఈ తిరగేసిన తప్పు విలువ 25.4 రెట్లు కాదు, 25.4 సార్లు 25.4, అంటే 645 రెట్లు. అందుకే ఇంత పెద్ద తప్పు వెంటనే కంటికి కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఆపుతారు. అసలు భయపడాల్సింది కనిపించని తప్పుకి. 50 వోల్టులు పెడితే మెషిన్ గొడవ చేయదు. నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్నే అందరూ పాస్ అనుకుంటారు.

ఈ పని తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇనుప పైపు మీద ఎపాక్సీ పూత వేస్తారు. ఆ పూతలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉండొచ్చు. వాటిని హాలిడే అంటారు. ఈ హాలిడేకి జీతం కట్ అవ్వదు గానీ, పైపు ప్రాణం తీస్తుంది. ఆ రంధ్రం లోంచి తడి, ఉప్పు ఇనుముకి తగిలి, భూమిలో పూడ్చాక అక్కడ తుప్పు మొదలవుతుంది. దాన్ని ముందే పట్టడానికి హాలిడే డిటెక్టర్ వాడతారు. మెషిన్ ఒక కొస పైపుకి ఎర్త్ చేసి, ఇంకో కొసకి బ్రష్ లేదా స్ప్రింగ్ పెట్టి పూత మీద నడిపిస్తారు. రంధ్రం ఉన్న చోట నిప్పురవ్వ దూకి బీప్ అంటుంది.

నిప్పురవ్వ దూకాల్సింది దేనిలోంచి? రంధ్రంలో పూత ఉండదు కదా, గాలి ఉంటుంది. కాబట్టి మనం పెట్టే వోల్టులు ఆ గాలి సందుని దాటడానికి సరిపోవాలి. గాలి తట్టుకునే ఫీల్డ్ మిల్లీమీటరుకు దాదాపు 3 కిలోవోల్టులు అని చదువుకుంటాం. మిల్ లెక్కలో 76 వోల్టులు. కానీ ఇది సెంటీమీటరు లాంటి పెద్ద సందులకి సరిపోయే అంకె. సందు సన్నబడేకొద్దీ గాలి ఇంకా గట్టిగా నిలబడుతుంది. 0.4 మిల్లీమీటర్ల సందు దాటాలంటే దాదాపు 2,000 వోల్టులు కావాలి, అంటే మిల్లీమీటరుకు 5 కిలోవోల్టుల దరిదాపు. ఇంకొక మాట. మామూలు గాలిలో సుమారు 330 వోల్టుల కంటే తక్కువైతే, సందు ఎంత సన్ననిదైనా నిప్పురవ్వ దూకదు. 1889లో పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్రచురించిన సూత్రం నుంచి వచ్చిన సంగతి ఇది.

ఇప్పుడు ఆ 50 వోల్టుల సంగతి ఆలోచించండి. ఆ సెట్టింగ్‌తో రోజంతా కిలోమీటర్ల పైపు మీద బ్రష్ నడిపించినా పొడి రంధ్రం మీద ఒక్క బీప్ రాదు. పూత బాగుందని కాదు, మెషిన్‌కు పట్టే శక్తే లేదు. చెడిపోయిన టార్చ్ పట్టుకుని చీకట్లో పాములు లేవన్నట్టు ఉంటుంది.

మందం పెరిగేకొద్దీ గాలి సందు తీరు మారుతుంది కాబట్టి, కొన్ని ప్రమాణాలు మిల్‌కు ఇంత అని సూటిగా చెప్పవు. ఫ్యూజన్ బాండెడ్ ఎపాక్సీ పైపులకి నేస్ సంస్థ ఎస్‌పీ0490 అనే ప్రమాణం ఉంది. 2021లో ఆ సంస్థ ఇంకో సంస్థతో కలిసి ఏఎమ్‌పీపీ అయింది, సైట్లో మాత్రం ఇంకా నేస్ అనే అంటారు. దాని ప్రకారం, మందం మిల్‌లో ఉంటే దాని వర్గమూలాన్ని 525తో గుణించాలి. మైక్రాన్లలో ఉంటే వర్గమూలాన్ని 104తో గుణించాలి. 16 మిల్ వర్గమూలం 4. 525ని 4తో గుణిస్తే 2,100 వోల్టులు. 406 మైక్రాన్ల వర్గమూలం 20.15. 104తో గుణిస్తే మళ్ళీ దాదాపు 2,100. మొత్తం మారలేదు, చూశారా!

525కీ 104కీ మధ్య 25.4 రెట్లు లేదు, సుమారు 5 రెట్లే ఉంది. ఎందుకంటే వర్గమూలం తీసినప్పుడు మార్పు అంకెకి కూడా వర్గమూలం పడుతుంది. 25.4 వర్గమూలం 5.04. కాబట్టి "అన్నిటినీ 25.4తో భాగించెయ్" అన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. ఫార్ములా ఏ యూనిట్‌కి రాశారో ఆ యూనిట్‌తోనే వాడాలి.

లేకపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. నేను పనిచేసిన ఒక యార్డులో, పేరు చెప్పను, కొత్తగా వచ్చిన టెస్టింగ్ బ్యాచ్‌కి 525 ఫార్ములా ఒక్కటే ఇచ్చారు. గేజ్ మైక్రాన్లలో ఉంది. 406ని అలాగే ఆ ఫార్ములాలో పెట్టేశారు. 2,100 రావాల్సిన చోట 10,500 పైన వచ్చింది. పెద్ద మెషిన్ కాబట్టి అంత ఇచ్చింది. పూత కొంచెం సన్నగా ఉన్న చోట, లోపల గాలి బుడగ ఉన్న చోట, ఆ దెబ్బకి కాలి కొత్త రంధ్రం పడింది. బీప్, బీప్, బీప్. రిపేర్ చేసి మళ్ళీ టెస్ట్ చేస్తే ఇంకో చోట బీప్.

నింద ఎవరి మీద పడింది? పెయింటర్ల మీద. "మీ పూత బాగోలేదు, రీవర్క్ మీ ఖాతాలోనే" అన్నారు. వాళ్ళలో మన శ్రీకాకుళం వాళ్ళున్నారు, బిహార్ వాళ్ళున్నారు, నేపాల్ వాళ్ళున్నారు. మూడు రోజులు ఓటీ రాయకుండా రాత్రి దాకా పని చేయించారు. నాలుగో రోజు క్లయింట్ తరఫు ఇన్‌స్పెక్టర్ వచ్చి మెషిన్ నాబ్ చూసి, గేజ్ చూసి, కాగితం మీద రెండు లైన్లు రాసి అడిగాడు, "ఈ 525 మిల్‌కి కదా, మీరు మైక్రాన్లు ఎందుకు పెట్టారు?" అని. వోల్టులు తగ్గించారు, బీపులు తగ్గాయి. పెయింటర్ల మూడు రోజుల ఓటీ మాత్రం తిరిగి రాలేదు. యూనిట్ల లెక్క చదువుకున్నవాళ్ళ గొడవ అనుకుంటాం గానీ, అది తప్పితే చేతి నుంచి పోయేది కూలివాడి డబ్బే.

ఇంతకీ గల్ఫ్‌లో ఈ రెండు లెక్కలూ కలిసి ఎందుకున్నాయి? సౌదీలో 1933లో చమురు ఒప్పందం పొందింది కాలిఫోర్నియా కంపెనీ. 1938లో దమ్మామ్ 7వ నంబరు బావిలో చమురు పడింది. అమెరికా వాళ్ళతో పాటు వాళ్ళ ఇంచీలు, మిల్‌లు, వాళ్ళ ప్రమాణాల పుస్తకాలు వచ్చాయి. పైపు సైజు ఇప్పటికీ ఇంచీల్లోనే. ఇంకోవైపు గేజ్‌లు, కేబుళ్ళు, సబ్‌స్టేషన్ సామాను యూరప్ లెక్కలో మిల్లీమీటర్లలో వస్తాయి. మనకి ఇది మరీ కొత్తేం కాదు. మన దేశంలో మెట్రిక్ చట్టం 1956లోనే వచ్చింది, అయినా ఊళ్ళో ప్లాటు గజాల్లోనే, గోడ అడుగుల్లోనే. రెండు లెక్కల మధ్య బతకడం మనకి అలవాటే. కాకపోతే ఊళ్ళో గజాల లెక్క తేడా వస్తే తగువు వస్తుంది, ఇక్కడ వోల్టుల లెక్క తేడా వస్తే ప్రమాదం వస్తుంది.

సబ్‌స్టేషన్‌లో పని చేసే అన్నలకి ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ టెస్ట్ రిపోర్ట్‌లో 30 కిలోవోల్టులు అని ఉంటే అది ఫీల్డ్ స్ట్రెంత్ కాదు, ఒట్టి వోల్టులు. ఎంత సందులో అన్నది చూడాలి. అమెరికా ఏఎస్‌టీఎమ్ డీ877 పద్ధతిలో సందు 0.1 ఇంచి, అంటే 2.54 మిల్లీమీటర్లు. ఐఈసీ 60156 పద్ధతిలో 2.5 మిల్లీమీటర్లు. 30 కిలోవోల్టుల్ని 2.54తో భాగిస్తే మిల్లీమీటరుకు 11.8 కిలోవోల్టులు, మిల్ లెక్కలో సరిగ్గా 300 వోల్టులు. సందులు దాదాపు సమానమే కదా, ఒకదాని ఫలితాన్ని ఇంకోదానిలోకి మార్చేయొచ్చు అనుకోకండి. ఒకదానిలో ఎలక్ట్రోడ్లు చదునైన బిళ్ళలు, ఇంకోదానిలో గుండ్రటివి లేదా పుట్టగొడుగు ఆకారంవి. ఆకారం మారితే ఫీల్డ్ పరుచుకునే తీరు మారుతుంది. యూనిట్లు మార్చొచ్చు, పరీక్షని మార్చలేం. ఏ పద్ధతిలో చేశారో రిపోర్ట్‌లో రాసి ఉందా అని చూడండి.

హైటెన్షన్ లైన్ల కింద పని చేసేవాళ్ళకి ఇంకొకటి. ఐసీఎన్‌ఐఆర్‌పీ 2010లో 50 హెర్ట్జ్ కరెంటుకి సాధారణ జనం కోసం ఇచ్చిన హద్దు మీటరుకు 5,000 వోల్టులు. అడుగుల లెక్కలో 1,524 వోల్టులు. రెండూ ఒకటే హద్దు. ఎవరైనా 1,524 చూపించి "మా దగ్గర ఇంకా కఠినమైన రూలు" అంటే, కింద అడుగు ఉందా మీటరు ఉందా అని చూడండి.

ఇప్పుడు పని దగ్గర ఏం చేయాలో చెప్తాను. నాబ్ తిప్పే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "పర్ వాట్, సర్?" దేనికి అని. ఇది ఎదురు చెప్పడం కాదు, పని తెలిసినవాడు అడిగే మాట. నోటితో అడిగితే కసురుకుంటారనుకుంటే గ్రూప్‌లో మెసేజ్ పెట్టండి: "గేజ్ రీడింగ్ 406 మైక్రాన్లు, 16 మిల్. పేపర్ ప్రకారం 2,000 వోల్టులు పెడుతున్నాను, కన్ఫర్మ్ చేయండి" అని. జవాబు వచ్చినా రాకపోయినా మీరు అడిగినట్టు తేదీతో సహా రికార్డు ఉంటుంది. రేపు నింద వచ్చినప్పుడు ఆ ఒక్క లైను మీకు గొడుగు.

రిపోర్ట్ షీట్‌లో ఒట్టి అంకె ఎప్పుడూ రాయకండి. 16 అని కాదు, 16 మిల్. 406 అని కాదు, 406 మైక్రాన్లు. 2,000 అని కాదు, 2,000 వోల్టులు. షిఫ్ట్ మొదట్లో, తెలిసి తెలిసి రంధ్రం చేసిన ఒక శాంపిల్ ముక్క మీద మెషిన్ నడిపించి చూడండి. అక్కడ బీప్ రాకపోతే, ఇక పైపు మీద బీప్ రాలేదని సంతోషపడటంలో అర్థం లేదు. ఎర్త్ వైరు సరిగా తగిలించండి, గ్లవ్స్ వేసుకోండి. గ్యాస్ ఉండే చోట పర్మిట్ లేకుండా ఆ మెషిన్ ఆన్ చేయొద్దు, అది నిప్పురవ్వ పుట్టించే మెషిన్ అని మర్చిపోవద్దు.

పెద్ద చదువులు లేవు, మాకెందుకీ లెక్కలు అని కొందరంటారు. సంతకం మీది ఉన్నప్పుడు లెక్క కూడా మీదే అవుతుంది. గజం ధర, మీటరు ధర తేడా తెలియక మన అమ్మలెవరూ బట్టల కొట్టులో మోసపోలేదు. ఆ తెలివి చాలు. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంది, నోట్‌బుక్‌లో 25.4 ఉంది.

మీ సైట్లో ఏ కాగితం అర్థం కాకపోయినా, కంపెనీ పేరు కనపడకుండా చూసుకుని, ఆ లైను చదివి వాయిస్ మెసేజ్ పెట్టండి. కలిసి లెక్క వేద్దాం. జాగ్రత్తగా డ్యూటీ చేసుకోండి, ఇంటికి ఫోన్ చేయడం మర్చిపోకండి. ఉంటాను మరి.